సిగార్‌లో వింత వాసనలు: మాగితే పోయేవేవి, మాగినా పోనివేవి?

కొత్తపెట్టె

అందరికీ నమస్కారం. నా దగ్గర మూడు పెట్టెలున్నాయి. మూడూ మూడు రకాల వాసన వేస్తున్నాయి.

మొదటిది క్యూబన్ రోబస్టోలు, అంటే పొట్టిగా లావుగా ఉండే సిగార్లు. అడుగున ముద్ర చూస్తే పెట్టెలోకి చేరి ఏడాది కూడా కాలేదు. మూత తీయగానే ముక్కుపుటాలు అదిరేంత అమ్మోనియా. అది కాస్త తగ్గాక వెనక నుంచి పశువుల కొట్టం వాసన వస్తుంది. ఎండుగడ్డి, పేడ, తడి తోలు అన్నీ కలిసినట్టు. రెండోది నికరాగ్వా మెడ్యూరో, అంటే ముదురు రంగు వచ్చేదాకా పులియబెట్టిన ఆకు చుట్టినది. పైకి ఎండుద్రాక్ష తీపి వాసనే, లోపల మాత్రం వెనిగర్ లాంటి పులుపు. మూడోది తెలిసినవాళ్ళు ఇచ్చిన పాత పెట్టె. తెరిస్తే ఏళ్ళ తరబడి మూసేసిన గదిలోంచి వచ్చే ముక్కిన వాసన.

ఇవన్నీ కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే సర్దుకుంటాయా? ఏది ఉంచాలి, ఏది వదులుకోవాలి?

నల్లాకు

మొదటి పెట్టెకి టెన్షన్ పడకండి, అది మామూలే. ఇప్పుడు మాత్రం కాల్చకండి. మూడో పెట్టెను ఈ క్షణమే మిగతా రెండింటికీ దూరంగా పెట్టండి. మిగతా సంగతి పెద్దలు చెబుతారు.

పాతపెట్టె

నల్లాకు గారు చెప్పింది నిజం. అమ్మోనియా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎందుకు ఆగాలో కూడా అర్థమవుతుంది.

ఆరబెట్టిన ఆకును కట్టలు కట్టి నడుము దాటే ఎత్తున గుట్టలుగా పేరుస్తారు. వాటిని పిలోన్ అంటారు. ఆకులోని తేమకు పైనున్న ఆకుల బరువు తోడై లోపల వేడి పుడుతుంది. మామూలు ఆకుకు 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాకా పోనిస్తారు, మెడ్యూరో కోసం ఇంకాస్త పైకి. గుట్ట మధ్యలోకి థర్మామీటర్ దించి చూస్తుంటారు. హద్దు దాటితే గుట్ట విప్పి, లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ మార్చి మళ్ళీ పేరుస్తారు. ఈ వేడిలో ఆకు పులుస్తుంది, అందులోని ప్రొటీన్లు, ఇతర నత్రజని పదార్థాలు విరిగి అమ్మోనియాగా బయటికి పోతాయి. నికోటిన్ కూడా కొంత తగ్గుతుంది. గుట్ట తిరగేసేటప్పుడు ఆ గదిలో నిలబడితే కళ్ళు మండి నీళ్ళు కారతాయి.

మరి అంతా అక్కడే అయిపోతే పెట్టెలో మళ్ళీ ఎందుకొచ్చింది? సిగార్ చుట్టేముందు ఆకు విరగకుండా ఉండాలని మళ్ళీ తడుపుతారు. ఆ తేమతో ఆగిపోయిన పులియడం కొద్దిగా మళ్ళీ మొదలవుతుంది. చుట్టాక ఫ్యాక్టరీలో దేవదారు చెక్క గదిలో కొన్ని వారాలో నెలలో ఆరనిస్తారు. అది చాలకపోతే మిగిలిన అమ్మోనియా పెట్టెలో మూతకింద ఇరుక్కుంటుంది. ఇంగ్లిష్‌లో ‘సిక్ పీరియడ్’ అంటారే, అది ఈ దశే.

అమ్మోనియా తేలిగ్గా ఆవిరయ్యే వాయువు కాబట్టి దానికి కావలసింది దారి ఒక్కటే. పెట్టె మూత వేలు దూరేంత తెరిచి హ్యూమిడార్‌లో, అంటే తేమను నిలిపే పెట్టెలో, ఉంచండి. హ్యూమిడార్ తలుపు కూడా అప్పుడప్పుడు తీసి గాలి మారనివ్వండి. నెలల్లో పోతుంది. గట్టి ఆకు ఎక్కువున్న సిగార్‌కి ఏడాది పైనే పట్టొచ్చు.

తేమమీటర్

రెండో పెట్టె పులుపు గురించి నాదో ప్రశ్న. మీ హ్యూమిడార్‌లో తేమ ఎంత? ఉష్ణోగ్రత ఎంత? తేమ కొలిచే హైగ్రోమీటర్‌ను ఎప్పుడైనా పరీక్షించారా?

కొత్తపెట్టె

మీటర్ 72 శాతం చూపిస్తోంది. ఉష్ణోగ్రత 23, 24 డిగ్రీల దగ్గర ఉంటోంది. పరీక్షించడం అంటే ఎలా?

తేమమీటర్

చిన్న మూతలో ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంత మాత్రం నీళ్ళు కలపండి. కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. దాన్నీ మీటర్‌నూ కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీ మీటర్ 71 చూపిస్తే 4 తక్కువ చూపిస్తున్నట్టు. అంటే మీరు 72 అనుకుంటున్నది నిజానికి 76.

పులుపు వాసన వస్తే నేను ముందు అనుమానించేది ఆకును కాదు, నీటిని. తడి ఎక్కువైన సిగార్ సరిగా కాలదు. నిప్పు చల్లగా, ఆగి ఆగి మండుతుంది, రుచి పుల్లగా చేదుగా మారుతుంది. వెలిగించకుండా వాసన చూసినా ఆ పులుపు తెలుస్తుంది. వేళ్ళ మధ్య మెల్లగా నొక్కి చూడండి. ఆరిన సిగార్ కొద్దిగా లొంగి వెంటనే పైకి లేస్తుంది. తడిసినది మెత్తగా దిగిపోయి అలాగే ఉండిపోతుంది.

తేమను 65కి దించండి. ఉష్ణోగ్రత 18 నుంచి 20 మధ్యకు వస్తే ఇంకా మంచిది. వేడి, తేమ రెండూ పెరిగితే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి, బూజూ పడుతుంది. మీరిప్పుడు రెండింటికీ అంచునే ఉన్నారు. ఓ రెండు సిగార్లను తేమ ప్యాకెట్ లేని ఖాళీ చెక్కపెట్టెలో కొద్దిరోజులు ఉంచి వాసన చూడండి. పులుపు తగ్గితే కారణం దొరికినట్టే.

రసాయనశాల

పశువుల కొట్టం వాసన గురించి నేను రాస్తాను, ఆ భాగం నాకు ఇష్టం.

కొట్టాల్లో, గుర్రపుసాలల్లో ఆ వాసనకు పెద్ద కారణం పి-క్రెసాల్ లాంటి ఫినాల్ పదార్థాలు. అమైనో ఆమ్లాలు సూక్ష్మజీవుల చేతిలో పడి విరిగినప్పుడు పుడతాయి. పొగాకు గుట్టల్లోనూ సూక్ష్మజీవులుంటాయి, విరగడానికి ప్రొటీనూ ఉంటుంది. వీటికి తోడు ఐసోవలెరిక్ ఆమ్లం. చెమట పట్టిన పాదాల వాసన, బాగా ముదిరిన చీజ్ వాసన దానివే. దాన్ని విడిగా సీసాలో పెట్టి వాసన చూస్తే మొహం తిప్పేసుకుంటాం. చాలా తక్కువ మోతాదులో, తోలు, ఎండుగడ్డి వాసనల మధ్య ఉంటే సిగార్‌కు నిండుదనం ఇచ్చేదీ అదే.

అమ్మోనియాకూ దీనికీ తేడా ఉంది. అమ్మోనియా ఎగిరిపోతుంది. ఈ ఫినాల్‌లు, ఆమ్లాలు అంత తేలిగ్గా ఎగరవు. ఏళ్ళ మీద నెమ్మదిగా తగ్గుతాయి. ఈలోగా వేరే వాసనలు పైకి వస్తాయి. ఆకులోని కెరోటినాయిడ్లు, అంటే పసుపు, నారింజ రంగునిచ్చే పదార్థాలు, ఆరేటప్పుడూ పులిసేటప్పుడూ మాగేటప్పుడూ ఆక్సిజన్‌తో కలిసి విరుగుతూనే ఉంటాయి. వాటి ముక్కల్లోంచే బీటా అయోనోన్ వస్తుంది, అది వయొలెట్ పూల వాసన. డమాసెనోన్ వస్తుంది, అది గులాబీకీ ఉడికిన ఆపిల్‌కీ మధ్య ఉండే వాసన. ఫినైలాలనీన్ అనే అమైనో ఆమ్లం విరిగితే తేనె వాసన. అందుకే పాత సిగార్‌లో పూలవాసన వచ్చిందని ఎవరైనా అంటే ఊహించుకుని చెబుతున్నారని తీసిపారేయకండి.

ఇంకో ముఖ్యమైన మాట. సిగార్ పొగ సిగరెట్ పొగలా కాక క్షార గుణంతో ఉంటుంది. అమ్మోనియా ఎక్కువైతే ఆ గుణం ఇంకా పెరుగుతుంది. క్షార పొగలో నికోటిన్ నోటి పొరల్లోంచే తేలిగ్గా లోపలికి పోతుంది. పచ్చి సిగార్ కాలిస్తే తల తిరగడానికి, గొంతు గీసుకుపోవడానికి ఇదొక కారణం. మాగితే ఆ ఘాటు తగ్గుతుందే తప్ప హాని తగ్గదు. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఆకు కాలడం వల్ల పుట్టేవి. పదేళ్ళు మాగినా అవి అంతే.

సాయంకాలం

రసాయనశాల గారి వివరణ బాగుంది. అయితే ఈ వేదికలో పశువుల కొట్టం వాసనను మంచి సిగార్‌కి హామీపత్రంలా చూసే అలవాటు ఉంది, దానితో నేను ఏకీభవించను. ఆ వాసన బలంగా ఉండి కాల్చాక ఏమీ లేని సిగార్లు నేను చూశాను. ఏ వాసనా లేకుండా, కాల్చితే అద్భుతంగా ఉన్నవీ చూశాను. ఆకు పులిసిందని ఆ వాసన చెబుతుంది, నిజమే. చుట్టిన తీరు, కలిపిన పాళ్ళు ఎలా ఉన్నాయో అది చెప్పదు.

మాగబెట్టడం గురించి కూడా. అన్నిటినీ దాచమని కొత్తవాళ్ళకు చెప్పకండి దయచేసి. కనెక్టికట్ షేడ్ రాపర్‌తో (నీడలో పెంచిన లేత రంగు పై ఆకుతో) ఉన్న తేలికపాటి సిగార్లను చాలా ఏళ్ళు ఉంచి కాల్చాను. మొదట్లో వెన్న, ఎండుగడ్డి, కొద్దిగా మిరియాల ఘాటు ఉండేవి. చివరికి వెచ్చని కాగితం వాసన తప్ప ఏమీ మిగల్లేదు. ముక్కులోంచి పొగ వదిలితే నునుపుగా ఉందే తప్ప చెప్పుకోవడానికి వాసనంటూ లేదు.

పాతపెట్టె

సాయంకాలం గారితో ఇక్కడ నాకు పేచీ లేదు. ఏ సిగార్ ఎంతకాలం నిలబడుతుందనేది లోపలి ఆకు మీద ఉంటుంది. మొక్క కింది భాగంలోని వొలాడో ఆకు బాగా కాలుతుంది, రుచి తక్కువ. మధ్యలోని సెకో వాసనకు. పైనుండే లిగెరోకి ఎండ ఎక్కువ తగులుతుంది, మందంగా నూనెతో ఉంటుంది, ఘాటు దానిదే. దానికన్నా పైన కొన్ని మొక్కలకు మాత్రమే వచ్చే రెండు చిన్న ఆకులే మెడియో తియెంపో. 2010లో వచ్చిన కొహీబా బెహీకె అనే క్యూబన్ సిగార్లలో వాడింది దాన్నే.

లిగెరో ఎక్కువుంటే మొదట్లో మొరటుగా ఉంటుంది, కానీ విరిగి మారడానికి అందులో సరుకుంటుంది. వొలాడో, సెకో ఎక్కువున్న తేలిక సిగార్‌లో అమ్మోనియా పోయాక మారడానికి పెద్దగా ఏమీ ఉండదు. అది ఒకటి రెండేళ్ళలో కాల్చేయాల్సిందే.

తయారీదారులు కూడా ఈ తేడా పాటిస్తారు. క్యూబాలో రిసర్వా అన్నవాటికి చుట్టకముందే ఆకును మూడేళ్ళు, గ్రాన్ రిసర్వాకి అయిదేళ్ళు మాగబెడతారు. అన్యెహాదోస్ పద్ధతి వేరు. చుట్టి పెట్టెలో పెట్టిన సిగార్లనే క్యూబాలో కనీసం అయిదేళ్ళు ఉంచి అమ్ముతారు. ఆకుగా మాగడం వేరు, సిగార్‌గా మాగడం వేరు. రెండో దాంట్లో పైన చుట్టే రాపర్, దాని కింద పట్టి ఉంచే బైండర్, లోపల నింపే ఫిల్లర్ వాసనలు ఒకదాంట్లో ఒకటి ఇంకుతాయి. వెలిగించినప్పుడు విడివిడిగా తెలిసే రుచులు ఒకే ధారగా వస్తాయి. నాకు పాత సిగార్ల మీద ఇంత ప్రేమ అందుకే.

దేవదారు

చెక్క వాసన గురించి ఎవరూ రాయలేదు. మనం హ్యూమిడార్లలో వాడే స్పానిష్ సీడార్ నిజానికి దేవదారు జాతి కాదు, మహాగని కుటుంబానికి చెందిన చెట్టు. వాసన ఉంటుంది, తేమను పీల్చి వదులుతుంది. కొత్త హ్యూమిడార్‌లో ఈ వాసన ఎంత బలంగా ఉంటుందంటే సున్నితమైన సిగార్లన్నీ ఒకే రకంగా చెక్కవాసన వేస్తాయి. కొన్ని పలకల్లోంచి జిగురు కారి చుక్కలు కడుతుంది. అది రాపర్‌కు అంటితే ఆకు చిరగకుండా రాదు. ఎక్కువ కాలం ఉంచాలనుకున్నవి వాటి సొంత పెట్టెల్లోనే ఉంచి, పెట్టెతో సహా హ్యూమిడార్‌లో పెట్టడం మేలు. అన్నీ విప్పి కలిపి పేరిస్తే కొన్నాళ్ళకు ఒకదాని వాసన ఒకదానికి పట్టేస్తుంది.

వానమబ్బు

సిగార్ మీదుండే సెల్లోఫేన్ కవరు తీసేయాలా ఉంచాలా?

దేవదారు

రెండూ సరే. సెల్లోఫేన్‌లోంచి తేమ ఆవిరి అటూ ఇటూ పోతుంది కాబట్టి సిగార్ మాగుతూనే ఉంటుంది, కాస్త నెమ్మదిగా. ఏళ్ళు గడిస్తే ఆకు నూనెలతో కవరు లోపలి వైపు తేనెరంగుకు తిరుగుతుంది. పాత పెట్టె కొనేటప్పుడు నేను ముందు చూసేది అదే. అమ్మోనియా వాసన ఉన్నవాటికి మాత్రం తీసేస్తాను.

కొత్తపెట్టె

మూడో పెట్టె ఇప్పుడే లైటు కింద పెట్టి చూశాను. కొన్నింటి మీద తెల్లటి పొడిలాంటిది ఉంది. ఇచ్చినవాళ్ళు అది ప్లూమ్ అని, బాగా మాగిన గుర్తని చెప్పారు.

నల్లాకు

అందరూ చెప్పేది అదే. ఫోటో పెట్టగలరా? సిగార్ వెలిగించే చివర, ఆకుల మడతలు కనిపించే వైపు కూడా తీయండి.

తేమమీటర్

ఫోటో వచ్చేలోగా చెబుతున్నాను. నూనెలు పైకొచ్చి స్ఫటికాలయ్యాయనే ప్లూమ్ కథ ఎంత పాతదైనా, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవాళ్ళకు మళ్ళీ మళ్ళీ కనిపించింది బూజు. భూతద్దంతో చూడండి. అంతటా పలచగా కాక చుక్కలు చుక్కలుగా ఉండి, పక్క నుంచి చూస్తే నూగులా లేచి ఉంటే అది బూజే. నాకైతే ముక్కిన వాసనతోనే అనుమానం తీరిపోయింది.

రాపర్ మీద మాత్రమే ఉంటే పొడిగుడ్డతో తుడిచి, విడిగా తక్కువ తేమలో ఉంచి గమనించేవాళ్ళున్నారు. వెలిగించే చివర లోపలి ఆకుల మధ్యకు పాకితే, లేదా నీలం, ఆకుపచ్చ మరక దిగితే పారేయడమే.

రసాయనశాల

బూజు కనిపించకుండానే ముక్కిన వాసన వచ్చే సందర్భం కూడా ఉంది. క్లోరిన్ కలిసిన మందులు తగిలిన చెక్క, అట్ట మీద కొన్ని బూజులు పెరిగితే ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం తయారవుతుంది. వైన్ సీసాల కార్కు చెడిందంటారే, ఆ తడి అట్ట వాసన దీనిదే. లీటరుకు నానోగ్రాముల్లో ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఏళ్ళ తరబడి ఉంచినా దాన్ని తీసేసే దారి మాగడంలో లేదు, పైగా పక్కనున్న చెక్కకూ పాకుతుంది. అందుకే నల్లాకు గారు ముందే దూరం పెట్టమన్నారు.

వానమబ్బు

సంబంధం ఉన్న ప్రశ్నే. పొగబెట్టిన మాంసం వాసన వేసే సిగార్ ఒకటి ఎవరో ఇచ్చారు. చెడిపోయిందా?

పాతపెట్టె

బహుశా మంటపొగలో ఆరబెట్టిన ఆకు అయి ఉంటుంది. కెంటకీ, టెనెసీ ప్రాంతాల్లో గట్టి కర్రలు రగిలించి ఆ పొగలో పొగాకు ఆరబెడతారు. చలిమంట దగ్గర కూర్చుని వచ్చిన బట్టల వాసన వస్తుంది. చెడిపోవడం కాదు. మాగితే పదును తగ్గుతుంది కానీ ఆ వాసన మొత్తంగా పోదు, పోవాలని చేసిన సిగార్ కూడా కాదది.

అలాంటిదే పెరీక్. లూసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో ఆకును పీపాల్లో నొక్కి, దాని రసంలోనే ఏడాది దాకా పులియనిస్తారు. ముదిరిన పండ్లు, వెనిగర్ కలిసిన వాసన. అది ఎక్కువగా పైపు పొగాకులో వాడతారు, కొన్ని సిగార్లలోనూ ఉంటుంది. ఆ పులుపు ఆకు సొంతం కాబట్టి తేమ తగ్గిస్తే పోదు.

అత్తర్లు, మూలికలు, తీపి కలిపిన సిగార్లు మాత్రం వేరే డబ్బాలో. ఒక్కటి పెట్టినా హ్యూమిడార్ చెక్కకు ఆ వాసన పట్టేస్తుంది, ఆ తర్వాత పెట్టినవన్నీ దాన్నే మోస్తాయి.

*(కొన్ని నెలల తర్వాత)*

కొత్తపెట్టె

అందరికీ ధన్యవాదాలు. ఎలా ఉందో చెబుదామని వచ్చాను.

ఉప్పు పరీక్షలో మీటర్ 3 శాతం తక్కువ చూపిస్తోందని తేలింది. తేమ 65కి దించాక మెడ్యూరోల్లో పులుపు కనిపించకుండా పోయింది. ఇప్పుడు ఎండుద్రాక్ష, కోకో వాసనే. మూడో పెట్టెలో సిగార్ల చివర్లలోకీ బూజు పాకి ఉండటంతో పెట్టెతో సహా వదిలేశాను.

నిన్న క్యూబన్ ఒకటి కాల్చాను. మూత దగ్గర అమ్మోనియా లేదు. వెలిగించకముందు పీల్చితే తోలు, ఎండుగడ్డి. మొదటి మూడో వంతు బాగుంది. వాల్‌నట్ రుచి, ముక్కులోంచి వదిలితే సన్నగా తేనె. సగం దాటాక మాత్రం వేడెక్కేకొద్దీ గొంతులో మళ్ళీ ఆ పదును తగిలింది, నాలుక చివర చిమచిమలాడింది. అక్కడే ఆపేశాను.

పాతపెట్టె

అది ఆశించిందే. అమ్మోనియా అంచుల నుంచి ముందు పోతుంది, మధ్యలో ఇరుక్కున్నది చివర్లో పోతుంది. నిప్పు దగ్గరపడి వేడి పెరిగితే మిగిలిందంతా ఒక్కసారి బయటికొస్తుంది. మళ్ళీ మూత కొద్దిగా తెరిచి ఉంచండి. వచ్చే ఏడాది ఇదే కాలానికి ఇంకొకటి తీయండి. పెట్టె మూత లోపల కాగితం అంటించి ఏ తేదీన కాల్చారో, సగం తర్వాత ఎలా ఉందో రాసుకోండి. మొదటి పీల్పు దాదాపు ఏ సిగార్‌లోనైనా బాగానే ఉంటుంది.

సాయంకాలం

ఆ కొట్టం వాసన ఇంకా ఉందన్నారు కదా, అది పూర్తిగా పోయేదాకా మాత్రం ఆగకండి. రోబస్టోలకు నా లెక్కలో మంచి కాలం అమ్మోనియా పోయాక, అది ఇంకా మిగిలుండగా వస్తుంది. పాతపెట్టె గారు ఒప్పుకోరని తెలుసు.

పాతపెట్టె

ఒప్పుకోను. పెట్టెలో సగం మీరన్న కాలంలో, సగం నేనన్న కాలంలో కాల్చి కొత్తపెట్టె గారే తేల్చాలి.

వానమబ్బు

ఒక్క మాట, కాండేలా కూడా ఇలాగే ఉంచొచ్చా? నా దగ్గర ఆకుపచ్చవి కొన్ని ఉన్నాయి.

దేవదారు

వద్దు. కాండేలా ఆకును కొద్దిరోజుల్లోనే వేడితో ఆరబెట్టి పత్రహరితం పోకుండా నిలుపుతారు. దాని అందమంతా ఆ పచ్చగడ్డి వాసనలోనే ఉంది. ఏళ్ళు ఉంచితే, ముఖ్యంగా వెలుతురు తగిలితే, రంగూ వాసనా రెండూ పోతాయి. కొన్న ఏడాదిలోపే కాల్చేయండి, అప్పటిదాకా చీకట్లో ఉంచండి.